రెండు వేల రూపాయల షోకు

బొగ్గు గనికి మూడు షిఫ్టుల్లోనూ తిరిగిన సైకిలుకు ముసలితనం రాదు, మొండితనం వస్తుంది. మా నాన్న సైకిలు అలాంటిదే. 24 అంగుళాల ఫ్రేము, నల్ల రంగు, కడ్డీ బ్రేకులు, నిండు చైను కవరు. లాల్‌పేట గనిలో ఆయన పనిచేసినంత కాలం దానికి ఆదివారం తప్ప సెలవు లేదు. ఆయన రిటైరయ్యాక చంద్రపూర్ బాబుపేటలోని మా ఇంటి వెనక రేకుల కింద, పాత కూలరుకూ నీళ్ళ డ్రమ్ముకూ నడుమ నిలబడిపోయింది. మే నెలలో 46, 47 డిగ్రీలు కాసే ఊరు కనక కూలరుకైనా ఏడాదికోసారి మోక్షం దొరికేది. సైకిలుకు అదీ లేదు.

దాన్ని బయటికి లాగింది మా మేనల్లుడు. "మామా, దీన్ని క్రూజర్ చేద్దాం" అంటూ ఫోనులో బొమ్మ చూపించాడు. లావు టైర్లు, ఎద్దు కొమ్ముల్లా విచ్చుకున్న హ్యాండిలు, ఇద్దరు కూర్చునేంత వెడల్పు సీటు, సముద్రపు ఒడ్డు, కొబ్బరి చెట్టు. సముద్రమూ కొబ్బరి చెట్టూ మన చేతిలో లేవు. మిగతావాటికి వాడి దగ్గరున్నది రెండు వేల రూపాయలు.

మా వీధి మొగలో సైకిలు మిస్త్రీ ఉన్నాడు. మరాఠీ, తెలుగు, హిందీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. ఈ ఊళ్ళో అది వింతేమీ కాదు. ఘుగ్గుస్ వెళ్ళినా బల్లార్‌పూర్ వెళ్ళినా గని కాలనీల్లో తెలుగు వినబడుతూనే ఉంటుంది. వార్ధా నది అవతలి రాజురా అయితే ఒకప్పుడు మన ఆదిలాబాద్ జిల్లాలోదే. మిస్త్రీ ఫోనులో బొమ్మ చూసి, సైకిలును చూసి, "ఇది పుట్టుకతోనే క్రూజరు గదరా అయ్యా, కొత్తగా చేసేదేముంది?" అన్నాడు.

ఆయన మాటలో పస ఉంది. నడుం నిటారుగా పెట్టి కూర్చోవాలి, చక్రాల మధ్య దూరం ఎక్కువుండాలి, ముందు ఫోర్కు ఏటవాలుగా వంగి గతుకుల్ని మింగాలి, తొందరపడకూడదు. క్రూజరు లక్షణాలు ఇవే అయితే మన నల్ల సైకిలుకు అన్నీ ఉన్నాయి. ఇంగ్లండు మట్టిరోడ్ల కోసం పుట్టిన ఈ రోడ్‌స్టరు రకం మన దగ్గరికొచ్చి స్థిరపడింది. 1949లో మొదలైన మద్రాసు టీఐ కంపెనీ హెర్క్యులిస్, 1951లో సోనీపత్‌లో పెట్టిన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో కలిసి దాన్ని పాలవాడికీ పోస్టుమనిషికీ బడిపంతులుకీ గని కార్మికుడికీ ఇచ్చాయి. అట్లాస్ వాళ్ళు సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేశారు. అది ప్రపంచ సైకిలు దినోత్సవం. అంత సరిగ్గా ముహూర్తం చూసి మూసినవాళ్ళను నేనెక్కడా వినలేదు.

అసలు క్రూజరు కూడా లేమిలో పుట్టిందే. 1930లలో అమెరికా ఆర్థికంగా కూలబడి సైకిళ్ళు కొనేవాడు లేని రోజుల్లో షికాగోలోని ష్విన్ కంపెనీ 1933లో రెండుంబావు అంగుళాలకు కాస్త తక్కువ లావున్న బెలూన్ టైర్ల సైకిలు తెచ్చింది. పిల్లలకు మోటారు సైకిలు మీద మోజు కనక ఆ పోలిక రావాలని పై కడ్డీకి పెట్రోలు ట్యాంకు లాంటి డొల్ల కూడా తగిలించేవారు. పెట్రోలు లేదు, ఇంజను లేదు, ట్యాంకు మాత్రం ఉంది.

నన్నడిగితే, మన గని కాలనీల షోకు అంతకంటే నిజమైంది. మా చిన్నప్పుడు షిఫ్టు మారే వేళ సైకిళ్ళ వరస వస్తుంటే ఏ సైకిలు ఎవరిదో దూరం నుంచే తెలిసేది. ఒకాయన ఫ్రేముకు ఎర్ర రెక్సిను తొడుగు కుట్టించాడు. ఇంకొకాయన హ్యాండిలు చివర్ల నుంచి రంగురంగుల ప్లాస్టిక్ కుచ్చులు గాలికి ఎగిరేవి. హబ్బుల చుట్టూ కొబ్బరి పీచులా కనిపించే రంగు బ్రష్షు రింగులు, స్పోకుల్లో గుచ్చిన పూసలు, వెనక మడ్‌గార్డు కింద రబ్బరు ఫ్లాపు, దాని మీద బిడ్డ పేరు. ఇవి షోకు కోసం. అవసరం కోసం చేయించుకున్నవి వేరే. చిన్న పిల్లను కూర్చోబెట్టడానికి ముందు కడ్డీ మీద బుల్లి సీటు, బస్తా వేస్తే వంగకుండా క్యారియరు కింద ఇనప చువ్వ వెల్డింగు, టిఫిను డబ్బా ఊగకుండా కొక్కెం. మునిసిపాలిటీ పన్ను కట్టినట్టు ఇచ్చే బిళ్ళను కూడా కొందరు తోమి మెరిపించేవారు. ఫ్యాక్టరీ నుంచి అన్నీ ఒకే నలుపులో వస్తే, ఆరు నెలలు తిరక్కముందే ఏ రెండూ ఒకలా ఉండేవి కావు.

ఇక మా వాడి సైకిలు. మొదటి కోరిక లావు టైర్లు. దీనికి మిస్త్రీ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మన సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. బెలూన్ టైరు కూర్చునే 26 అంగుళాల రిమ్ము 559. అంటే రిమ్ము అంచు ఇరుసు వైపు దాదాపు నాలుగు సెంటీమీటర్లు దిగిపోతుంది. కడ్డీ బ్రేకు పట్టేది రిమ్ము పక్కల్ని కాదు, లోపలి అంచును, కింది నుంచి పైకి లాగి. రిమ్ము చిన్నదైతే ఆ లాగుడుకు రబ్బరు గాలినే పట్టుకుంటుంది. పోనీ మోటు బ్రేకులు మార్చి కేబులువి పెడదామంటే కడ్డీలు హ్యాండిలులోనే ఇమిడి ఉన్నాయి కనక హ్యాండిలూ మార్చాలి. అదీ అయ్యాక లావు టైరు ఫోర్కు మధ్య దూరుతుందా అంటే అనుమానమే. ఒక టైరు కోసం సైకిలంతా మారిపోతుంది, రెండు వేలు మొదటి పూటే అయిపోతాయి. ఆన్‌లైన్లో "28" అని రాసి 622 రిమ్ముకు సరిపోయే టైరు అంటగట్టే వాళ్ళూ ఉన్నారు. అది మన రిమ్ముకు ఎక్కనే ఎక్కదు. కొనేముందు అంగుళాలు కాకుండా మిల్లీమీటర్లు చూడాలి.

అందుకని మా ఒప్పందం ఇలా కుదిరింది. తిరిగేచోట ముందు ఖర్చు, మెరిసేచోట తరవాత. రెండు చక్రాలూ విప్పి పాత గ్రీజు తీస్తే నల్లటి పాకంలా వచ్చింది. బొగ్గుపొడి కలిసిన గ్రీజు సానరాయి పని చేస్తుంది, కోన్లను అరగదీస్తుంది. బేరింగు గుండ్లన్నీ కొత్తవి వేశాం. అవి సైకిలు మొత్తంలో అతి చవకైన సామాను, నడకలో తేడా మాత్రం అన్నిటికంటే ఎక్కువ. పెడలు వేసిన ప్రతిసారీ ఒకచోట టక్కుమని శబ్దం వచ్చేది. అది ఇరుసు జబ్బు అనుకుని చాలామంది పెడళ్ళ ఇరుసు సెట్టు మొత్తం మార్పిస్తారు. సగం సార్లు దోషం పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నుది. పిన్ను మార్చి సుత్తితో సరిగ్గా కూర్చోబెట్టి నట్టు బిగిస్తే నోరు మూసుకుంటుంది. రిమ్ములకు ఔటు తీయడం, అంటే వంకర సరిచేయడం మాత్రం మిస్త్రీకే వదిలేశాం. ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 స్పోకులుంటాయి. బరువంతా వెనక పడుతుంది కనక ఆ లెక్క. వేలితో మీటి వినికిడి మీద బిగించే ఆ పని చూస్తూ కూర్చుంటే గంట తెలియదు.

మా వాడి మోజుకు నిజంగా పనికొచ్చింది ఫ్రీవీలు, అంటే వెనక పళ్ళచక్రం. మామూలుగా ఉండేది 18 పళ్ళది. ముందు పళ్ళచక్రం 44 అయితే పెడలు ఒక్క చుట్టుకు సైకిలు అయిదున్నర మీటర్లు పోతుంది. దాని బదులు సరుకు రిక్షాకు వేసే 22 పళ్ళది వేస్తే నాలుగున్నర మీటర్లే పోతుంది. వేగం తగ్గుతుంది, కాలికి సుఖం దొరుకుతుంది. చైనుకు రెండు లింకులు కలపాల్సొచ్చింది. జట్‌పురా గేటు దగ్గరి రద్దీలో వేగం ఎవడికి కావాలి? గోండు రాజుల కోట వాకిలి అది, ఇప్పుడు దాంట్లోంచి ఆటోలు కూడా వరస కట్టి దూరాలి.

పాతదాన్ని సాగదీసి కొత్త దారి పట్టించిన కథ ఒకటి మా వాడికి చెప్పాను. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు పాత సామానుగా పారేసిన 1930ల, 40ల ష్విన్ సైకిళ్ళు చవగ్గా తెచ్చి కొండల మీంచి దొర్లించేవారు. కాలి బ్రేకు హబ్బులో గ్రీజు దిగే వేడికి మాడిపోయి పొగ వచ్చేది, కిందికి చేరగానే మళ్ళీ గ్రీజు దట్టించాల్సొచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది. 1976లో మొదలైన ఆ పందెంలోంచి జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటివాళ్ళు పైకొచ్చారు, మౌంటెన్ బైకు పుట్టింది. మా వాడు అంతా విని, "మనకు కొండ లేదుగా మామా" అన్నాడు. బొగ్గు తవ్వి పోసిన మట్టి గుట్టలు ఊరి చుట్టూ ఉన్నాయి గానీ అక్కడికి పోనివ్వరు, పోవడమూ మంచిది కాదు.

సీటు మాత్రం షోకుకే కొన్నాం. స్ప్రింగుల వెడల్పు సీటు, గోధుమ రంగు రెక్సిను. ఎండలో నిలబెట్టినప్పుడు మీద గోనెపట్టా వేయకపోతే కూర్చోలేం. అదే ఎండకు పాత పంక్చరు అతుకులూ ఊడతాయి కనక నీడ చూసి నిలపాలి. రంగు మాత్రం మార్చనివ్వలేదు. నలుపును ఉప్పుకాగితంతో రుద్ది, తుప్పు ఉన్నచోట రెడ్ ఆక్సైడు పూసి, మళ్ళీ నల్ల ఎనామెలే వేశాం. మడ్‌గార్డు అంచున సన్నటి బంగారు గీత గీయించాలని మా వాడు పట్టుబట్టాడు. స్టిక్కరు వద్దన్నాను, బోర్డులు రాసే పెయింటరును పిలిచాం. చేయి వణక్కుండా ఒక్క ఊపులో లాగాడు.

చైను కవరు మీద ఏం రాయించాలన్నది ఇంకా తేలలేదు. మా అక్క "మహాకాళీ ప్రసన్న" అని ఉండాలంటుంది, చైత్ర పౌర్ణమి జాతరలో మొక్కుకుందట. మేనల్లుడు ఇంగ్లీషులో ఏదో పొడుగాటి మాట కావాలంటాడు. మా నాన్న మంచం మీంచి ఏమీ అనడు గానీ, పాత కవరు మీద తన గని టోకెను నంబరు ఉండేదని రెండుసార్లు గుర్తుచేశాడు. పెయింటరు అక్షరానికింతని రేటు చెప్పాడు, మా దగ్గర మిగిలింది నూట ఇరవై రూపాయలు. నంబరుకైతే నాలుగంకెలు చాలు.