కొత్త సైకిలు విప్పుకోవడం

దూరప్రయాణాల సైకిలు అట్టపెట్టెలో వస్తుంది. ముందు చక్రం ఊడదీసి ఫ్రేముకు కట్టి, హ్యాండిలు పక్కకు వాల్చి, పెడళ్లు ఒక చిన్న డబ్బాలో పడేసి, ఫోర్కు కాళ్లు నొక్కుకుపోకుండా మధ్యన ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇరికించి పంపుతారు. 85 శాతం మేమే బిగించాం, మిగతాది మీరు చూసుకోండి అన్నది అమ్మేవాళ్ల ధీమా. ఆ 85 శాతాన్నీ నమ్మొద్దని నేను చెప్పేది. ఫ్యాక్టరీలో ఆ మరలు తిప్పిన మనిషికి మీరెవరో తెలియదు. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్లాక హ్యాండిలు వదులైతే అడగడానికి ఆయన దొరకడు. కాబట్టి కొత్తదైనా సరే, మరలన్నీ ఒకసారి విప్పి, గ్రీజు పెట్టి, మళ్లీ మన చేత్తో బిగించుకోవాలి. ఒక ఆదివారం పోతుంది. పోనివ్వండి.

ఈ జాతి సైకిలుకు రేసు సైకిళ్లకున్నట్టే వంగిన హ్యాండిలు ఉంటుంది గానీ, స్వభావం మాత్రం పాలక్యాన్ల సైకిలుదే. క్రోమోలీ ఉక్కు ఫ్రేము. తొక్కేటప్పుడు మడమలు సంచులకు తగలకుండా వెనక చక్రం కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. క్యారేజీలకూ మడ్‌గార్డులకూ ఫ్రేము మీదా ఫోర్కు మీదా మరకన్నాలు. బరువు తగ్గించాలన్న యావ ఎక్కడా కనపడదు. 20 కిలోల సామానుతో ఘాటెక్కడానికి బాగా తేలిక గేర్లు మాత్రం తప్పనిసరి. గేర్లు మార్చే యంత్రం పందెపు సైకిళ్ల కోసం పుట్టిందనుకుంటాం. అది నిజం కాదు. టూర్ ద ఫ్రాన్స్ 1937 దాకా దాన్ని నిషేధించింది. అంతకు చాలా ముందు నుంచే దాన్ని నెత్తిన పెట్టుకున్నది కొండలెక్కే యాత్రికులు. ఫ్రాన్సులో వెలోసియో అన్న కలం పేరుతో రాసిన పాల్ ద వీవీ వాళ్లకు పెద్దదిక్కు.

రిపేరు స్టాండని వేలు పోసి కొనేది ఒకటుంది. మా ఇంట్లో అది అక్కర్లేకపోయింది, హాల్లో ఉయ్యాల కొక్కేలు ఉన్నాయి. బల్ల దింపి గోడకానించి, కొక్కేనికి తాడు కట్టి సీటు కింద నుంచి తగిలిస్తే వెనక చక్రం నేల విడిచి గాల్లో తిరుగుతుంది. గేర్లు సరిచూసుకోడానికి అంతకన్నా ఏం కావాలి? "పిల్లల్ని ఊపాల్సిన చోట సైకిల్ని ఊపుతున్నావేమిట్రా" అంది మా అమ్మ. కింద పాత దుప్పటి పరిచాక గొణుగుడు తగ్గింది. మిగతా సరంజామా కూడా తక్కువే. నాలుగు, అయిదు, ఆరు మిల్లీమీటర్ల ఎలన్ కీలు, పెడళ్లకు 15 నంబరు పానా, ఒక గ్రీజు డబ్బా, అరిగిపోయిన టూత్‌బ్రష్, చిరిగిన బనీన్లు.

గ్రీజు ముందుగా పట్టాల్సింది సీటు కడ్డీకి. ఫ్రేము ఉక్కు, అందులోకి దిగే కడ్డీ సాధారణంగా అల్యూమినియం. వాననీళ్లో చెమటో, విశాఖ లాంటి ఊళ్లలోనైతే ఉప్పుగాలో చేరిందంటే ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై, కొన్నాళ్లకు కడ్డీ పైకీ రాదు, కిందికీ దిగదు. ఆ తర్వాత సుత్తి, వేడినీళ్లు, చివరికి రంపం, ఆ వరసలో నడుస్తుంది కథ. బొటనవేలంత గ్రీజుతో ఇదంతా తప్పుతుంది. రెండు మూడు నెలలకోసారి కడ్డీని బయటికి లాగి, తుడిచి, మళ్లీ పట్టించాలి. పెద్ద వానలో తడిసొస్తే ఆ కన్నం తెరిచి సైకిల్ని తలకిందులు చేసి పెట్టండి. లోపలి నీళ్లు ఎన్ని కారతాయో చూస్తే మీకే ఆశ్చర్యం.

పెడళ్ల దగ్గరే కొత్తవాళ్లు తికమక పడేది. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ దానికి ఎదురు మర. తొక్కుతుంటే బేరింగు రాపిడికి పెడలు విప్పుకుపోతుందేమో, అందుకే ఇలా పెట్టారేమో అనిపిస్తుంది. లెక్క వేస్తే, ఎడమ పెడలుకు మామూలు మరే ఉన్నా ఆ రాపిడి నిజానికి బిగించే వైపే లాగాలి! అసలు కారణం వేరు. క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు మన పాదం బరువు పెడలు ఇరుసు చుట్టూ అన్ని వైపుల నుంచీ పడుతుంది. మరకూ కన్నానికీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులో ఇరుసు ఆ బరువుకు దొర్లుతూ దొర్లుతూ ఎదురు దిశలో తిరుగుతుంది. ఈ తిరుగుడుకున్న బలం ముందు బేరింగు రాపిడి ఎంత? అందుకే ఎడమకు ఎదురు మర. దీన్ని వాడుకలోకి తెచ్చినవాళ్లలో విమానం కట్టిన రైట్ సోదరులూ ఉన్నారు. విమానానికి ముందు డేటన్ ఊళ్లో వాళ్లది సైకిళ్ల కొట్టే. ఎటు తిప్పాలో గుర్తుండకపోతే ఒక్క సంగతి చాలు. పానాను పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు వంచితే రెండు పెడళ్లూ బిగుస్తాయి, వెనక్కి వంచితే రెండూ ఊడతాయి.

హ్యాండిలు మెడ మీద నడినెత్తిన ఒక మర ఉంటుంది. అది హ్యాండిల్ని పట్టి ఉంచేది కాదు, లోపలి బేరింగుల మీద ఒత్తిడి సరిచేసేది. ముందు దాన్ని మెల్లగా బిగించి, ఆ తర్వాతే పక్క మరలు బిగించాలి. వరస తప్పితే మెడ లొడలొడలాడుతుంది, లేదా బిగుసుకుపోతుంది. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపండి, టకటకమని తగిలితే ఇంకా వదులుందని అర్థం. సీటు ఎత్తుకు కాలి లోపలి కొలతను 0.883తో హెచ్చవేసే పద్ధతి సైకిలు పందేల గ్రెగ్ లెమాండ్ పేరు మీద చలామణీ అవుతోంది. నాకు పాత పద్ధతే నయం. సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద పెడితే, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి.

ఇక చక్రాలు. ఇక్కడ నాకు గురువు మా వీధి చివర సైకిలు షాపు పెద్దాయన. కొత్త సైకిలు తీసుకెళ్తే చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"దీన్కి ష్టాండేది సారూ?"

"రాదన్నా, దీనికి ఇవ్వరు."

"గంట?"

"అదీ మనమే కొనుక్కోవాలి."

"గన్ని పైసలు దీస్కొని గంట గూడ ఇయ్యలే!" అని నా తరఫున కాసేపు బాధపడి, చక్రం పట్టుకుని పుల్లల్ని రెండేసి చొప్పున గుప్పిట్లో నొక్కుతూ చుట్టూ వచ్చాడు. మధ్యలో రెండు చోట్ల ఆగి, "ఇవి లూజున్నయ్" అన్నాడు. చక్రాల మీద జాబ్స్ట్ బ్రాంట్ అనే అమెరికా ఇంజనీరు 1981లో రాసిన పుస్తకం ఇప్పటికీ ప్రామాణికం. కొత్త చక్రంలో పుల్లల్ని జతలుగా గట్టిగా పిసకాలని అందులోనూ ఉంది. పుల్ల వంపు తిరిగే చోట తయారీలో మిగిలిపోయిన ఒత్తిడి ఆ పిసుకుడుతో పోతుంది. మా పెద్దాయన ఆ పుస్తకం పేరు వినలేదు, ఆయన వేళ్లకు మాత్రం ఆ సంగతి తెలుసు.

బరువు వల్లే పుల్లలు విరుగుతాయని చాలామంది నమ్మకం. వదులు వల్ల విరుగుతాయి. సరిగా బిగించిన చక్రంలో ఒక్కో పుల్ల మీద సుమారు 100 కిలోలు వేలాడదీసినంత బిగువు ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు నేల వైపుకు వచ్చిన పుల్లల బిగువు కొంచెం తగ్గి, పైకి పోగానే మళ్లీ పెరుగుతుంది. 35 మిల్లీమీటర్ల టైరున్న చక్రం కిలోమీటరుకు దాదాపు 460 చుట్లు తిరుగుతుంది, అంటే 100 కిలోమీటర్లలో ఒక్కో పుల్ల 46 వేలసార్లు సడలి బిగుస్తుంది. మొదటే వదులుగా ఉన్న పుల్ల ప్రతిసారీ పూర్తిగా సడలిపోయి, మెడ దగ్గర అలసి, ఒకనాడు టంగుమంటుంది. అది కూడా ఎక్కువగా వెనక చక్రంలో, గేర్ల పళ్లున్న కుడివైపునే. విప్పడానికి కష్టమైన చోటన్నమాట. అందుకే ఈ సైకిళ్లకు 36 పుల్లల చక్రం ఉంటే వేరే ఆలోచన పెట్టుకోవద్దు. సరిపోయే పొడుగువి మూడు నాలుగు పుల్లలు ఫ్రేముకు టేపు వేసి అంటించుకోండి. ఇంట్లో బెండు తీయడానికి ఫోర్కుకు ఒక ప్లాస్టిక్ కట్టు బిగించి, దాని కొసను రిమ్ము దగ్గరికి కత్తిరిస్తే చాలు, రిమ్ము ఎక్కడ పక్కకు పోతోందో అదే చెబుతుంది. పుల్ల మీది నిపుల్‌ను పావు చుట్టు మించి ఒకేసారి తిప్పొద్దు.

చైను దగ్గర మనవాళ్ల అలవాటు కొబ్బరినూనె. రెండు రోజులు చప్పుడు లేకుండా నడుస్తుంది, మూడోరోజు నుంచి రోడ్డు మీది దుమ్మంతా దానికే. ఈ రోలర్ చైనును మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ 1880లో తయారుచేశాడు. ఇప్పటికీ దాని కొలత అరంగుళానికో గుబ్బ. చైను సాగిందంటాం గానీ ఇనుము సాగదు. ఇసుకతో కలిసిన నూనె లోపలి పిన్నుల్ని అరగదీస్తుంది, ఆ మేరకు పొడవు పెరుగుతుంది. కొలవడానికి బడి పిల్లల స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి 24 గుబ్బలు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే వెనక పళ్ల సెట్టూ అరిగి ఉంటుంది, అప్పుడు రెండూ కొనాలి. ఈ కొలత పద్ధతిని లోకానికి ఓపిగ్గా చెప్పినవాడు మసాచుసెట్స్‌లో సైకిలు కొట్లో పనిచేసిన షెల్డన్ బ్రౌన్.

చైనుకు పనికొచ్చే నూనె దానికోసమే అమ్ముతారు. ఒక్కో గుబ్బకు ఒక్కో చుక్క వేసి, కాసేపు పెడళ్లు వెనక్కి తిప్పి, పైనున్నదంతా తుడిచేయాలి. నూనె ఉండాల్సింది పిన్ను లోపల, పైన మెరిసేదంతా దుమ్ముకు పిలుపే. తుప్పు వదిలించే స్ప్రేలతో సరిపెట్టుకోవద్దు, అవి లోపలి జిడ్డును కడిగేసి తమ దారిన ఆరిపోతాయి. డిస్కు బ్రేకులుంటే వాటి దరిదాపుల్లో స్ప్రే అన్నది కొట్టకూడదు. రేకు మీద ఒక్క తుంపర పడినా ప్యాడ్లు నూనె పీల్చి, ఘాటు దిగేటప్పుడు బ్రేకు జారుతుంది.

గాలి విషయం చిన్నదే, నడిరోడ్డు మీద మాత్రం అదే పెద్దది. మన పల్లెటూరి పంపులన్నీ పాతకాలపు వాల్ ట్యూబు సైకిళ్లవి. ఖరీదైన సైకిళ్లకు వచ్చే సన్నని వాల్వు వాటికి పట్టదు. రూపాయి నాణెం కన్నా చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే పెట్రోలు బంకులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. రిమ్ము కన్నం పెద్దదైతే నేరుగా మోటారు సైకిలు రకం వాల్వున్న ట్యూబులే వేసుకోండి.

నా పక్షపాతం ఇక్కడ దాచను. ఇంట్లో విప్పలేనిది, పల్లెలో అతకలేనిది యాత్ర సైకిలు మీద ఉండకూడదు. నూనెతో నడిచే బ్రేకులకన్నా వైరు బ్రేకులు మేలు. తేలిక లోహాల క్యారేజీకన్నా వెల్డింగు షాపులో అతికే ఉక్కు క్యారేజీ మేలు. 1963లో ఐర్లండు నుంచి ఇండియాకు తొక్కుకుంటూ వచ్చిన డెర్వ్‌లా మర్ఫీ, ఆసియా రోడ్లకు గేర్లు తట్టుకోవని బయలుదేరేముందే తన సైకిలుకున్న మూడు గేర్లూ తీయించేసింది. అంతదూరం నేను వెళ్లను, శ్రీశైలం ఘాటు నా మోకాళ్లకు తెలుసు. ఆమె ఆలోచించిన తీరు మాత్రం నాకు సరైనదనే అనిపిస్తుంది.

మొదటి రెండు వందల కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే తిరగండి. కొత్త వైర్ల తొడుగులు సర్దుకుని గేర్లు గతి తప్పుతాయి, వైరు చివరి గుండ్రటి బిరడాను పావు చుట్టు తిప్పితే దారికొస్తాయి. పుల్లలు ఇంకోసారి చూసుకోవాలి. అన్నిటికన్నా క్యారేజీ మరలు. అవి అయిదు మిల్లీమీటర్లవే, మోసేది మాత్రం ఇల్లంత సామాను. మరకు నీలం రంగు జిగురు చుక్క వేసి బిగిస్తే అదురుకు ఊడవు. అయినా ప్రయాణంలో రోజూ పొద్దున టీ తాగేముందు ఎలన్ కీతో ఒకసారి తడిమి చూసుకోవడం మంచిది.

ఒక్క పని మాత్రం బయలుదేరకముందే ఇంట్లో చేసి చూడండి. ఎవరి సాయమూ లేకుండా వెనక చక్రం ఊడదీసి, ట్యూబు మార్చి, చైను మళ్లీ ఎక్కించండి. చేతులు మోచేతుల దాకా నల్లబడతాయి. ఒట్టి సబ్బుకు ఆ నలుపు ఒక పట్టాన లొంగదు. చైనుకు వద్దన్న కొబ్బరినూనె ఉందే, దాన్ని చేతులకు బాగా మర్దించి, శనగపిండితో తోమి కడగండి, గ్రీజు మొత్తం వదులుతుంది.