దెందులూరునుండి పెడనకు

ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ రైలులో పోవు సోదరీమణులు దెందులూరు స్టేషనును చూచియే యుందురు గాని, అచట దిగినవారు తక్కువ. విష్ణుకుండినుల శాసనములలోని లెందులూరు ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు. ఊరిలో పురాతనపు దిబ్బలు గలవు. శాసనపరిశోధకులు రాతిపై తడికాగితము పఱచి, కుంచెతో తట్టి, పైన సిరా అద్ది అక్షరములకు నకలు తీయుదురని అచట ముచ్చట వచ్చినప్పుడు, నాకు పెడన అద్దకము జ్ఞప్తికి వచ్చినది. చెక్కినది ఒక్కటి, దానినుండి తీయు ప్రతులకు లెక్క లేదు. కనుక ఏలూరుమీదుగా అటే పోయితిమి.

కైకలూరు త్రోవ పొడవునను కొల్లేటి చేపలచెరువుల గట్లే. ఆటపాకయొద్ద గూడబాతులను చూడక పిల్లలు కదలలేదు. గుడివాడ దాటి పెడన చేరునప్పటికి మిట్టమధ్యాహ్నమైనది.

పెడన బందరునకు పొరుగూరు. ఇంగ్లీషువారు 1611లో బందరున వర్తకశాల పెట్టినది ముఖ్యముగా మన బట్టలకొఱకే. ఈ అద్దకములపై మోజు ఎంత ముదిరినదనగా, తమ నేతగాండ్ర మొఱ విని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1721లోను వీనిని నిషేధించవలసి వచ్చినది. ఫ్రాన్సు దొరసానులు చట్టమును లెక్కసేయక కట్టుకొనుచునే యుండిరట!

కలంకారీ యను పేరు కాళహస్తికి తగును. అచట కలముతో వ్రాయుదురు. పెడనలో ఉన్నది టేకుకఱ్ఱ అచ్చు. మొదట గుడ్డను కరక్కాయనీట ముంచి ఆరవేయుదురు. ఇనుపతుక్కును బెల్లపునీట పలుదినములు పులియబెట్టి, ఆ ద్రవమును అచ్చుతో ఒత్తగా, కరక్కాయ వగరు తగిలి నల్లనగును. పటిక ఒత్తినచోట మాత్రము మొదట ఎఱుపు కానరాదు. పాఱు నీట జాడించి, రంగుకాగులో కాచినప్పుడే పటిక పడినంతమేర ఎఱ్ఱబాఱును. పూర్వము ఈ ఎఱుపు చిరువేరునుండి వచ్చెడిది. బెల్లము, పటిక, కరక్కాయ! మన యింటి సరకులే గదా యని నవ్వుకొంటిమి. రంగురంగునకు వేఱు అచ్చు వలెను. చేయి వెండ్రుకవాసి తప్పినను పువ్వు రేకునుండి తొలగును.

అచ్చువిద్యను మఱియొక త్రోవ పట్టించిన తెలుగువారు కె. లక్ష్మాగౌడ్ గారు. 1940లో మెదకుసీమలోని నిజాంపూరున జన్మించి, హైదరాబాదున చదివి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ గారియొద్ద నేర్చిరి. పెడన అచ్చులో ఉబ్బెత్తు భాగమునకు రంగంటును. వారి ఎచ్చింగులో అది తలక్రిందులు. లోహపు రేకుపై మైనపుపూత పూసి సూదితో గీయుదురు. ఆమ్లమున ముంచగా గీచినచోట పల్లమగును. ఆ పల్లమున నిలిచిన సిరాయే ఒత్తిడికి తడికాగితముపై ఎక్కును. పల్లెజనులు, మేకలు, చెట్లు ఆ సన్నని గీతలలో నిండియుండును. 2016లో వీరికి పద్మశ్రీ లభించినది.

పెడన పనివారిని నేడు బాధించునది స్క్రీను అద్దకము. చేతియచ్చుకు దినములు పట్టునది దానికి గడియలలో ముగియును; అమ్మునప్పుడు మాత్రము రెంటికిని కలంకారీయే పేరు. బేరమాడుటకు ముందు చీరను తిరుగవేసి చూడుడు. చేతియచ్చు రంగు తఱచుగా వెనుకకును దిగియుండును. అచ్చు అచ్చు కలిసినచోట సన్నని ఎడమో, పొర్లికయో కనబడును. ఏ పువ్వును తప్పక అన్నియు ఒక్కతీరుగా నుండినచో అనుమానింపవలెను. వాడుక తప్పిన పాత అచ్చులను గోడలకు అలంకారముగా పట్టణమువారు కొనిపోవుచున్నారు.