గోనెపట్టా మీద నల్లోడు

ఈ వారం ఒక కుక్క గురించి రాస్తున్నాం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గాని చివరిదాకా చదవండి. మీ ఇంట్లో కుక్క లేకపోయినా వయసు మళ్ళిన పెద్దవాళ్ళు ఉంటే ఇది మీకోసమే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రోజు నుంచే మా కొత్తపట్నంలో గాలీ వానా ఒకటే పనిగా ఉన్నాయి. రెండు రోజులు తలుపు తియ్యలేదు. వాన వెలిసి తలుపు తీస్తే వసారాలో ఒక నల్లకుక్క ముడుచుకుని పడుకుని ఉంది. మెడలో తెగిన తాడు ముక్క. తర్వాత తెలిసింది, అది రొయ్యల చెరువు దగ్గర కాపలా కుక్కట. చెరువు గట్టు తెగి, కౌలుకు చేసేవాళ్ళు పని ఆపేసి వెళ్ళిపోయారు. కాపలా అతను సొంతూరికి పోతూ తాడు కోసి వదిలేశాడు. కట్టేసి పోకుండా అంతవరకైనా మేలు చేశాడు.

పిల్లలు నల్లోడా అని పిలిస్తే తోక ఆడించింది. అప్పటినుంచి వాడు నల్లోడే, మా ఇంటివాడే.

మూడో రోజునుంచి మొదలైంది కష్టం. వాడికి ఎక్కడ చాప కనబడితే అక్కడే పని కానిచ్చేవాడు. చాప లేకపోతే తలుపు దగ్గర కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా. అది తీసేస్తే బియ్యం బస్తా పక్కన. దొడ్లోకి తీసుకుపోతే అరగంట తిరిగి, అన్నీ వాసన చూసి, ఏమీ చెయ్యకుండా ఇంట్లోకొచ్చి చాప మీద పోసేవాడు. డిసెంబరు నెల, వచ్చిపోయేవాళ్ళు ఎక్కువ. చాపలు వెయ్యకుండా ఎలా కుదురుతుంది? కడిగి కడిగి చేతులు పాసిపోయాయి. అరిచాం. ఒకసారి చీపురు కూడా ఎత్తాం. చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా నిజం చెప్పాలి కదా.

మా ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తయ్య. ఇక్కడ అమ్మ అనే రాస్తాం. వయసు ఎనభై దాటింది. ఒక తెల్లవారుజామున ఆవిడ వసారాలో ఆ తడిలో కాలేసి జారారు. తుంటి ఎముక విరగలేదు, మోచెయ్యి చీరుకుపోయింది. ఆ వయసులో పడితే మంచాన పడటమే అని అందరికీ తెలుసు. ఆ రోజు ఆవిడ గట్టిగా చెప్పారు.

"ఏందయ్యా ఇది? ఇల్లా, కుక్కల దొడ్డా? సంక్రాంతి దాకా చూస్తా. అప్పటికీ వాడు మారకపోతే చెరువుల కాడ వదిలిపెట్టి రండి. ఐదేళ్ళ కుక్క ఇప్పుడు నేర్చుకుద్దా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఒకపక్క పెద్దప్రాణం, ఇంకోపక్క దిక్కులేని మూగప్రాణం. మాకు నాలుగు వారాలు గడువు.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు గారు పళ్ళు చూసి నాలుగైదేళ్ళు ఉంటాయన్నారు. మూత్రం పరీక్ష చేయించమన్నారు. పెద్ద కుక్క ఇంట్లో తడుపుతుంటే ముందు జబ్బు లేదని తేల్చుకోవాలట. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రపిండాలు చెడినా, షుగరు ఉన్నా అది ఆపుకోలేదు. ఆపుకోలేనిదాన్ని కొడితే ఏం ప్రయోజనం? మావాడికి జబ్బేమీ లేదు. నట్టల మందు, రేబిస్ టీకా వేశారు. కుక్క మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు రావచ్చు కాబట్టి దానికి కూడా టీకా వేశారు. కడిగేటప్పుడు కాళ్ళకు చెప్పులుండాలన్నారు. పిల్లలు ఒట్టికాళ్ళతో తిరిగే ఇసుకలో దాని మలం వదిలెయ్యొద్దు, అందులోంచి నట్టల పిల్లలు పాదాల చర్మంలోకి దిగుతాయి, ఎప్పటికప్పుడు తీసి బోరుకు దూరంగా గొయ్యి తీసి పూడ్చండి అన్నారు.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నే మా కళ్ళు తెరిచింది. "ఇంతకుముందు దీన్ని దేనిమీద కట్టేసేవాళ్ళు?"

కాపలా అతని నంబరు ఎలాగో సంపాదించి ఫోను చేశాం. "గోనెపట్టా మీద కట్టేసేవాణ్ణండి. తాడు పొట్టిది. రాత్రింబగళ్ళు దానిమీదే ఉండేవాడు" అన్నాడు.

అప్పుడర్థమైంది. నాలుగైదేళ్ళు వాడి పడక అదే, మరుగుదొడ్డీ అదే. గోనె అరికాలికి తగిలితే ఇదే చోటు అని వాడి ఒళ్ళు చెబుతోంది. వాడు తప్పు చెయ్యడం లేదు. బతుకు నేర్పినదాన్ని తూచా తప్పకుండా పాటిస్తున్నాడు. మేము చీపురెత్తింది వాడి క్రమశిక్షణ మీద!

డాక్టరు గారు చెప్పిన పద్ధతి ఇది. దొడ్లో మునగచెట్టు అవతల ఒక మూల ఎంచుకున్నాం. అక్కడ ఇసుక మీద పెద్ద గోనెసంచి పరిచాం. ఇంట్లో తడి తుడిచిన పాతగుడ్డ ఒకటి తెచ్చి దానిమీద వేశాం. ఆ వాసన వాడికి దారి చెబుతుంది. ఇంట్లో చాపలు, పట్టాలు అన్నీ చుట్టి అటకెక్కించాం. తడిసిన చోట ఫినాయిలు మానేశాం. దానితో కడిగితే మన ముక్కుకు వాసన పోతుంది గాని కుక్క ముక్కుకు పోదు. ముందు పాతగుడ్డతో పీల్చి, సబ్బునీళ్ళతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైముల ద్రావణం పోసి కాసేపు వదిలేవాళ్ళం. ఆ ఎంజైములు వాసన పుట్టించే పదార్థాన్నే విరగ్గొడతాయి.

తిండికి వేళలు పెట్టాం, పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ తగ్గించలేదు. తెల్లవారి ఐదుకు, తిన్న పావుగంటకు, మధ్యాహ్నం, నిద్ర లేవగానే, సాయంత్రం, పడుకునే ముందు తాడు కట్టి అదే దారిలో అదే మూలకు తీసుకుపోయేవాళ్ళం. అక్కడ నిలబడి ఒకే మాట, "కానీయ్". పది నిమిషాలు చూసేవాళ్ళం. కాకపోతే ఇంట్లోకి తెచ్చి, తాడు మా చేతికో మంచం కోడుకో కట్టుకుని, కళ్ళముందే ఉంచుకుని మళ్ళీ తీసుకుపోయేవాళ్ళం. ఇంట్లో ఒంటరిగా తిరగనిచ్చేది లేదు.

మొదట్లో ఒక పొరపాటు చేశాం. వాడు దొడ్లో పని ముగించగానే వంటింట్లోకి తెచ్చి, ముళ్ళు తీసిన ఉడికిన చేపముక్క పెట్టేవాళ్ళం. మూడు రోజులకు వాడు పని సగంలో ఆపి వంటింటి వైపు లాగడం మొదలుపెట్టాడు. వంటింట్లోకొస్తే చేప ఇస్తారని నేర్చుకున్నాడు పాపం. మిగిలిన సగం ఇంట్లో పోసేవాడు. బహుమానం ఆ చోటే, ఆ క్షణమే అందాలి. ఆలస్యమైతే దేనికిచ్చామో దానికి తెలియదు. శిక్షా అంతే. గంట క్రితం తడిని చూపించి కొడితే, తడి తప్పని కుక్క అనుకోదు, మనిషి ప్రమాదమని అనుకుంటుంది. తర్వాత మంచం కిందో బీరువా వెనకో కనబడకుండా చేస్తుంది. మావాడూ బియ్యం డ్రమ్ము వెనక చేరడం మా చీపురు దెబ్బకు నేర్చుకున్నదే. అప్పటినుంచి చేపముక్కల డబ్బా జేబులో పెట్టుకుని దొడ్లోకి పోయేవాళ్ళం. పని అవగానే ఇంట్లోకి లాక్కురాకుండా వీధి చివరిదాకా ఒకసారి తిప్పేవాళ్ళం. లేకపోతే పని అయితే ఆట అయిపోతుందని అది సాగదీస్తుంది.

గోడ క్యాలెండరు మీద తప్పు జరిగినప్పుడల్లా ఎర్ర చుక్క పెట్టాం. మొదటి వారం 11 చుక్కలు. రెండో వారం 6. డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికి ఊళ్ళో టపాకాయలు పేలితే వాడు వణికిపోయి మా కాళ్ళ దగ్గరే తడిపేశాడు. ఆ చుక్క మేము లెక్కలో వెయ్యలేదు. భయానికి అలవాటుతో పనిలేదు. మూడో వారంనుంచి గోనెసంచిని రెండు రోజులకోసారి బెత్తెడు చొప్పున కత్తిరిస్తూ పోయాం. సంక్రాంతి నాటికి అరచేయంత ముక్క మిగిలింది. ఆ వారం చుక్క ఒక్కటే. కనుమ వెళ్ళిన మర్నాడు ఆ ముక్కా తీసేశాం. నల్లోడు వచ్చి, ఇసుక వాసన చూసి, రెండు చుట్లు తిరిగి అక్కడే కూర్చున్నాడు. వసారా స్తంభం దగ్గర కాలెత్తి నాలుగు బొట్లు చల్లే అలవాటు మాత్రం మిగిలింది. అది హద్దు గుర్తు పెట్టుకోవడం, మగకుక్కల గుణం. తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాక అదీ తగ్గింది.

అమ్మ మాట ప్రకారం గడువు నిలబడింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి తన పళ్ళెంలో ముద్ద ఒకటి వాడికి పెట్టారు.

ఐదేళ్ళ కుక్క నేర్చుకుద్దా అని ఆవిడ అడిగిన మాటకు జవాబు మన ఊళ్ళలోనే ఉంది. స్వచ్ఛ భారత్ 2014 అక్టోబరు 2న మొదలైంది. అంతకుముందు మా తీరపు ఊళ్ళలో ఆడవాళ్ళు చీకటిపడ్డాక చెంబు పట్టుకుని సరుగుడు తోటల్లోకి పోయేవాళ్ళు. మరుగుదొడ్లు కట్టాక కూడా ఎన్ని ఇళ్ళల్లో వాటిలో పిడకలు, కట్టెలు పేర్చలేదు? నాలుగు గోడల మధ్య మాకు రాదు అన్న పెద్దవాళ్ళు ఎంతమంది లేరు? మా అమ్మే ఆరు నెలలు తోటకే పోయింది. ఉపన్యాసాలకు మారలేదు. లోపల నీళ్ళ కుళాయి, దీపం, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టాక మారింది. మనిషైనా కుక్కైనా ఒంటికి పట్టిన అలవాటు మాటలతో వదలదు. చోటు అనుకూలం చెయ్యాలి, ఓపిక పట్టాలి.

ఇక అసలు సంగతి. దీన్ని రాయమని అమ్మే చెప్పారు, కాబట్టి రాస్తున్నాం.

మరుసటి వానాకాలంలో ఒక పొద్దున బియ్యం డ్రమ్ము వెనక ఏదో తడివాసన వచ్చింది. నల్లోడే అనుకున్నాం. నోటిదాకా తిట్టు వచ్చింది. వెళ్ళి చూస్తే మడతపెట్టి దాచిన దుప్పటి. అమ్మది.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా వంక చూడలేదు. ఎనభై దాటిన మనిషి, మమ్మల్ని పెంచి పెద్దచేసిన మనిషి, మాకు భయపడి దుప్పటి దాచుకున్నారు. ఎందుకు దాచారో మాకు వెంటనే తెలిసింది. ఒక్క ఏడాది కిందట అదే డ్రమ్ము వెనక నల్లోడు చేసిందీ అదే. ఆ రోజుల్లో మా అరుపులు వాడొక్కడే వినలేదు, ఆవిడా విన్నారు. ఈ ఇంట్లో తడిపినవాళ్ళకు ఏం జరుగుతుందో చూశారు.

ఆ దుప్పటి తీసి మామూలు బట్టల్లో కలిపి ఉతికేశాం. ఆ సాయంత్రం ఆసుపత్రికి తీసుకుపోయాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, షుగరూ కొంచెం పెరిగింది. మందులతో చాలావరకు తగ్గింది. ముసలితనమే కదా అని వదిలేస్తే ఏమయ్యేదో! మిగిలినదానికి నల్లోడి దగ్గర నేర్చుకున్నదే పనికొచ్చింది. మంచం మరుగుదొడ్డి పక్క గదిలోకి మార్చాం. దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టాం. నీళ్ళు తగ్గించుకోవద్దని చెప్పాం. భయపడి నీళ్ళు మానేస్తే ఇన్ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది. పడుకునే ముందొకసారి, రాత్రి రెండింటికొకసారి మాలో ఎవరో ఒకరం లేచి తోడు వెళతాం. ఎప్పుడైనా తడిస్తే ఎవరం మాట్లాడం. దుప్పటి మారుస్తాం, అంతే.

మొదటి వారం గడిచాక ఒక రాత్రి ఆవిడ నవ్వారు. "వాడికి చేపముక్క పెట్టారు. నాకేం పెడతారయ్యా?"

మాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మర్నాడు ఆవిడకిష్టమైన కొర్రమీను పులుసు చేశాం.

ప్రియమైన వారలారా, మీ ఇంట్లో తడిసిన దుప్పటి దాచుకునే పెద్దవాళ్ళు ఉంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మీ గొంతు తగ్గించండి. దారిలో దీపం పెట్టండి. మీ ఇంటికి చేరిన కుక్కకు ఇల్లు తెలియకపోతే, అది ఇంతకుముందు ఎలాంటి చోట బతికిందో అడిగి తెలుసుకోండి. మేము అడగక ముందే చీపురెత్తాం. ఆ చీపురు శబ్దం పక్క గదిలో ఎవరు విన్నారో మాకు ఏడాది దాకా తెలియలేదు.

ఇప్పుడు రోజూ తెల్లవారి ఐదింటికి మా ఇంట్లో ఇద్దరు లేస్తారు. అమ్మ కర్ర పట్టుకుని దొడ్డి తలుపు గొళ్ళెం తీస్తారు. నల్లోడు ఆవిడ నడకకు సరిగ్గా తన నడక తగ్గించుకుని మునగచెట్టు అవతలికి పోతాడు. ఆవిడ గట్టు మీద నిలబడి, చీకట్లోకి చూస్తూ, మేము నేర్పిన మాటే అంటారు.

"కానీయ్ రా, తొందరేం లేదు."