నాన్న వేళ్ల నీలం

నీలం అనగానే చాలామందికి తెల్లచొక్కాలకు పెట్టే నీలిమందు గుర్తొస్తుంది. మా ఇంట్లో నీలమంటే మార్కింగ్ బ్లూ! నాన్న చొక్కా చేతుల మీద, తువ్వాలు అంచు మీద, మంచినీళ్ల బిందె మూత మీద... ఆఖరికి నా నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా ఆ మరక ఉండేది. సంతకంతో పాటు వేలిముద్ర కూడా ఎందుకమ్మా అని మా టీచర్ నవ్వారు.

నాన్న బాలానగర్‌లో ఓ చిన్న మెషిన్ షాపులో ఫిట్టరు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో వచ్చింది ఆ పేటలోనే. నాన్న అందులో చదవలేదు. ఐటీఐ చేసి షాపులో చేరాడు, అంతే. రెండు లేతులు, ఓ డ్రిల్లింగ్ మిషన్, మూలన గ్రైండర్. వాటి మధ్య సర్ఫేస్ ప్లేటు ముందు నిలబడి ముప్ఫై ఏళ్లు గీతలు గీశాడు.

ఇనుము మీద గీత గీస్తే కనబడదు. మెరుపులో మెరుపు కలిసిపోతుంది. అందుకే ఈ నీలం. వడ్రంగులు పాలిష్‌కి వాడే లక్కలాంటి దాన్ని స్పిరిట్‌లో కరిగించి, రంగు కలుపుతారు. పూయగానే స్పిరిట్ ఎగిరిపోయి పల్చటి నీలిపొర మిగులుతుంది. దాని మీద స్క్రైబర్‌తో గీస్తే వెంట్రుకంత తెల్లగీత తళుక్కుమంటుంది. చూడ్డానికి ఇంతే. కానీ జాబ్ మీద నూనె చుక్క ఉన్నా బ్లూ అంటదు. మందంగా పూస్తే గీసేటప్పుడు పెచ్చులూడుతుంది. ఒక గీత మీద ఇంకోసారి గీస్తే రెండు గీతలవుతాయి, అప్పుడు దేన్ని నమ్మాలి? గీత పక్కాగా పడ్డాక దాని పొడవునా చిన్న చిన్న పంచ్ చుక్కలు పెడతారు. గీత వరకూ కోశాక చుక్క సగం మిగిలిందంటే పని సరిగ్గా వచ్చినట్టు.

ఈ డబ్బాలు లేని కాలంలోనూ, దొరకని చోటా మైలుతుత్తం నీళ్లు పూసేవారు. మా తాతయ్య నిమ్మచెట్లకు సున్నంతో కలిపి కొట్టిన మైలుతుత్తమే! శుభ్రంగా ఉన్న ఇనుము మీద అది పడితే నిమిషంలో రాగిరంగు వచ్చేస్తుంది. పైపొరలోని ఇనుము కాస్త కరిగి, దాని చోట రాగి వచ్చి కూర్చుంటుంది మరి. పనిముట్ల మీద పడితే మాత్రం తుడవకుండా వదలకూడదు, తుప్పు పడతాయి. ఇక ప్రష్యన్ బ్లూ అని ఇంకోటుంది. పేరు విని చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. అది ఆరని ముద్ద. గీతలకు కాదు, రెండు ముక్కలు సమంగా అతుకుతున్నాయో లేదో చూడ్డానికి. ఎత్తుగా ఉన్న చోట్లకు నీలం అంటుకుంటుంది, అక్కడ గీకాలి. బట్టలకు అంటితే అమ్మ గుండె జారిపోయేది దానికే.

అసలు గొడవ పూయడంలో లేదు, తుడవడంలో ఉంది. జాబ్ మీదిది తేలికే... బనియన్ వేస్టు స్పిరిట్‌లోనో థిన్నర్‌లోనో ముంచి తుడిచి, వెంటనే కాస్త నూనె రాస్తే సరి. చేతుల మీదిదే పోదు. మధ్యాహ్నం క్యారియర్ విప్పేముందు అందరూ వేళ్లు థిన్నర్ డబ్బాలో ముంచేవారు. నిమిషంలో నీలం మాయం! దాంతో పాటు చర్మంలో ఉండే నూనె కూడా మాయమని ఎవరూ చెప్పలేదు. చలికాలం వస్తే నాన్న వేళ్లు చింతపండు గింజల మీది పొట్టులా పగిలేవి. పులుసు కలుపుకుంటే మంట. అందుకని వరసగా నెలలు పెరుగన్నమే తిన్న సంవత్సరాలున్నాయి.

2006లో అక్క పెళ్లి. పదిరోజుల ముందే సెలవు పెట్టమని అమ్మ పోరు. అర్జెంటు డై ఒకటుందని ఓనరు వదల్లేదు. పెళ్లికి రెండు రోజులుందనగా ఇంటికొచ్చిన నాన్నని పీట మీద కూర్చోబెట్టి, వేళ్లకు కొబ్బరినూనె పట్టించి, నానాక సున్నిపిండితో నలిచింది అమ్మ. సగం పోయింది. గోళ్ల సందుల్లోది కదల్లేదు. కాళ్లు కడిగేటప్పుడు మగపెళ్లివారు చూస్తారని అమ్మ బెంగ. నాన్నకు ఆ బెంగ లేదనుకున్నాను గానీ, పళ్లెం దగ్గర కూర్చున్నప్పుడు వేళ్లు లోపలికి మడుచుకోవడం చూశాను.

అక్క మామగారు ఆర్టీసీ గ్యారేజీలో చేసినాయన. భోజనాల దగ్గర నాన్న పక్కన కూర్చున్నారు. నీలాన్ని చూడలేదు, పగుళ్లను చూశారు. “బావగారూ, థిన్నర్‌తో కడుగుతున్నారా?” అన్నారు. నాన్న తలూపాడు. పని మొదలెట్టే ముందు సబ్బుబిళ్లను గోళ్లతో గీరమని, గోళ్ల సందులు సబ్బుతో నిండితే బ్లూ దూరదని చెప్పారాయన. నూనె అయితే చేతి నుంచి జాబ్‌కి అంటుతుంది, సబ్బుకు ఆ బాధ లేదు. గ్లవ్స్ మాటా వచ్చింది. మార్కింగ్ వరకే, తిరిగే మిషన్ దగ్గరికి వెళ్లేముందు తీసేయాలి, లేకపోతే చెయ్యి లాక్కుపోతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. పాయసం వడ్డించేవాడు రెండుసార్లు పిలిచినా వాళ్లకు వినబడలేదు.

థిన్నర్ గుడ్డల విషయం నాన్నకు ముందే తెలుసు. పక్క షెడ్డులో, పేరెందుకులెండి, తడిగుడ్డల కుప్ప మీద గ్రైండర్ నిప్పురవ్వ పడి బెంచీ కాలిపోయింది. అప్పట్నుంచీ మూతున్న రేకుడబ్బాలో వేయడం నాన్న పెట్టిన రూలు.

నాన్న రిటైరై చాలాకాలమైంది. సీఎన్‌సీ మిషన్లకు గీతలు అక్కర్లేదు, కొలతలన్నీ ప్రోగ్రాములోనే ఉంటాయి. అయినా విరిగిన షాఫ్టు, పాత మోటారు బ్రాకెట్టు లాంటి ఒక్కగానొక్క రిపేరు వస్తే నీలం డబ్బా తీయాల్సిందే. ఈమధ్య నాన్నతో కలిసి ఆ షాపుకి వెళ్లాను. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు చేతులు థిన్నర్‌లో ముంచుతున్నాడు. నాన్న సబ్బు సంగతి చెప్పాడు. ఓపిగ్గా విన్నాడా అబ్బాయి.

“సబ్బుతో కడిగితే పావుగంట పడుతుంది పెద్దాయనా, లంచ్ అరగంటే” అన్నాడు.

నాన్న ఓనరు గదివైపు నడిచాడు.