కాఫీ హోటల్ పెట్టిన రాక్షసి

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగితే, బీయస్సీ విద్యార్థిని గనుక బత్తాయి తోటల తెగుళ్ల మీద రాస్తాననుకున్నారు. నేను చదివే కథల గురించి రాస్తానన్నాను. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. అయినా కాదనలేదు, అందుకు వారికి కృతజ్ఞతలు.

ఇంతకూ ఎట్లాంటి కథలవి? ట్రావిస్ బాల్డ్రీ అనే అమెరికా రచయిత 2022లో 'లెజెండ్స్ అండ్ లాటేస్' అనే నవల రాశాడు. అందులో వివ్ అనే ఆమె రాక్షసజాతి స్త్రీ. ఏండ్ల తరబడి కత్తి తిప్పి తిప్పి విసిగిపోయి, ఆ కత్తిని గోడకు తగిలించి, కాఫీ అంటే ఏమిటో తెలియని ఊళ్లో కాఫీ హోటల్ పెడుతుంది. ఎలుక రూపంలో ఉన్న ఒక వంటవాడు దాల్చినచెక్క రొట్టెలు చేస్తుంటాడు. పనిలో సాయానికి వచ్చిన టాండ్రీ అనే ఆమెకూ వివ్‌కూ మధ్య మెల్లగా, బేరాలూ లెక్కలూ చూసుకుంటుండగానే, ప్రేమ కలుస్తుంది. అంతే కథ. నా రూమ్మేటు ఒకనాడు అడిగాడు:

"అందుల కొట్లాట లేదారా?"

"ఉన్నది గని, కొంచెమే."

"మరి పేజీలన్నీ ఏం చేస్తరు?"

"కాఫీ తాగుతరు."

వాడు దుప్పటి కప్పుకున్నాడు.

ఇంకొకటి టి.జె. క్లూన్ రాసిన 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ', 2020లో వచ్చింది. నలభై ఏండ్ల గుమాస్తా ఒకడు, మంత్రశక్తులున్న పిల్లల అనాథాశ్రమాన్ని తనిఖీ చేయడానికి ఒక దీవికి పోతాడు. రిపోర్టు రాస్తూ రాస్తూ ఆ ఆశ్రమం నడిపే ఆర్థర్ మీద మనసు పడతాడు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. తోటకాడ మోటరు వేసి, మడి నిండేదాకా సెల్‌ఫోన్‌లో చదివేవాణ్ణి. ఈ నవలకు నాకు నెల రోజులు పట్టింది. ఆడవాళ్లు ఆడవాళ్లను, మగవాళ్లు మగవాళ్లను ప్రేమించడం, ఆడా మగా అని గీత గీయరాని మనుషులు ప్రేమించడం, వీటన్నిటికీ కలిపి ఇప్పుడు క్వీర్ అంటున్నారు. నేను చెప్పే కథల్లో ఆ మాట కూడా పెద్దగా వినబడదు. అక్కడ ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోరు.

ఇది పలాయనవాదం అన్నారు ఒక లెక్చరర్ గారు. ఒక్క హీరో వందమందిని గాల్లోకి లేపే సినిమాకు మూడు ఆటలూ నిండితే ఎవరూ ఆ మాట అనరు మరి! కత్తి దించి రొట్టె కాల్చుకుంటే మాత్రం పలాయనమా?

మా ఊరి సంగతి చెప్తాను. మా ఎల్లమ్మ గుడి దగ్గర ఒకాయన బోనాలనాడు చీర కట్టి, మొఖాన పసుపు పూసుకుని శివసత్తిగా ఊగుతాడు. ఆనాడు ఊరంతా 'అమ్మా' అని ఆయన కాళ్లు మొక్కుతుంది. మా నాయన కూడా మొక్కుతాడు. తెల్లవారి అదే మనిషి కిరాణం కొట్టుకు పోతే పోరగాళ్లు నడక అనుకరించి నవ్వుతారు. పత్తి ఏరే రోజుల్లో మా చేన్లకు కూలికి వచ్చేవాడు. పగటి బువ్వ వేళకు ఆడవాళ్లంతా వేపచెట్టు కింద, మగవాళ్లంతా తుమ్మచెట్టు కింద కూర్చునేవారు. ఆయన సద్ది గిన్నె పట్టుకుని ఒడ్డు మీద ఎండలో ఒక్కడే కూర్చుని తినేవాడు. రమ్మని ఈ చెట్టువాళ్లూ పిలువలేదు, ఆ చెట్టువాళ్లూ పిలువలేదు. దేవతగా మొక్కడం మనకు వచ్చు, నవ్వడం వచ్చు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంత తొక్కు వేయడం రాలేదు. ఈ నవలల్లో నన్ను పట్టుకున్నది సరిగ్గా ఆ తొక్కు వేసే పనే.

ఇదంతా విదేశీ మోజు అనేవాళ్లకు ఒక మనవి. వ్యాసభారతం ఉద్యోగపర్వం చివర శిఖండి కథ ఉంది. ద్రుపదుడు కూతుర్ని కొడుకని పెంచి, దశార్ణ రాజు బిడ్డతో పెళ్లి చేస్తాడు. నిజం బయటపడి యుద్ధం మీదికి వస్తే, ఆ పిల్ల చావడానికి అడవికి పోతుంది. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు తన మగతనాన్ని కొన్నాళ్లకు అప్పు ఇస్తాడు, మనం పొరుగింట్లో నాగలి అడిగి తెచ్చుకున్నట్టు! కుబేరుడు అది తెలిసి యక్షుణ్ణి ఆడదానిగానే ఉండమని శపిస్తాడు. శిఖండి మాత్రం అన్నమాట ప్రకారం అప్పు తీర్చడానికి తిరిగి వస్తాడు. ఆ నిజాయితీకి యక్షుడు సంతోషిస్తాడు. భీష్ముడి చావు అందరికీ తెలుసు. ఈ యక్షుడి ఇల్లు ఎంతమందికి గుర్తుంది?

రాజస్థాన్‌లో బోరుందా అనే పల్లెలో కూర్చుని జానపద కథలు తిరగరాసిన విజయదాన్ దేథా (2013లో కాలం చేశాడు) కథ ఒకటి ఇంకా మెత్తనిది. బీజా, తీజా అనే ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లవుతుంది. ఊరు తరిమితే దయ్యాలు ఆశ్రయమిస్తాయి. దయ్యాల పెద్ద వరంతో బీజా మగవాడవుతుంది. అయిందో లేదో, పెత్తనం మొదలు! చివరికి ఇద్దరూ ఆడవాళ్లుగా ఉండటమే బాగుందనుకుంటారు. మనుషులకన్నా దయ్యాలు నయమని చందమామ చదివి పెరిగిన మా నాయన తరానికి వేరే చెప్పాలా?

చట్టం కొంత నడిచింది. పెద్దలు ఇష్టపడి కలిసి ఉంటే 377వ సెక్షను కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. హిజ్రాల పేర్లు రిజిస్టరుకు ఎక్కించి నిఘా పెట్టే 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని మన హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది. అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. కోర్టు ఎంత నడిచినా ఒడ్డు మీది మనిషిని చెట్టు కిందికి పిలువలేదు గదా.

మా ఇంటి వెనుక బొప్పాయి చెట్టు ఎండలు ముదిరితే కాయ కట్టే పూలు మాని మగపూలు పూస్తుంది, చల్లబడ్డాక మళ్లీ కాస్తుంది. ల్యాబులో దీనికి పేరుంది. మా నాయన దాన్ని ఎన్నడూ వెక్కిరించలేదు, నీళ్లు పెట్టాడు.

నువ్వెవరివి, నీకెందుకు ఇదంతా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే చదువుకోనిస్తాయి గనుకనే ఈ కథలు నాకు ఇష్టం. ఇంతకన్నా ఇక్కడ రాయను.

రికార్డు బుక్కు వెనుక పేజీల్లో నేనూ ఒక కథ మొదలుపెట్టాను. చింతచెట్టు మీద యక్షుడుంటాడు, కింద బత్తాయి తోట. తోట కాసే పిల్లవాడు, బోరు బాగుచేయడానికి వచ్చిన పిల్లవాడు, ఇద్దరికీ మనసు కలిసింది. ఇంటిదాకా వచ్చి కథ ఆగిపోయింది. ఇంగ్లీషు నవలల్లో పేరు పెట్టి పిలిస్తే సరిపోతుంది. మన దగ్గర వరుస లేకుండా గడప దాటడం ఎట్లా? ఆ తల్లి ఈ రెండో పిల్లవాణ్ణి ఏమని పిలవాలి? అల్లుడా అనలేదు, కోడలా అనలేదు. వారం రోజులు ఆలోచించాను. ప్రస్తుతానికి ఆమె తలుపు తీసి, "రా బిడ్డా, కాళ్లు కడుక్కో, అన్నం పెడత" అన్నది. యక్షుడు ఇంకా చెట్టు మీదనే ఉన్నాడు, వాడికి పని చెప్పాలి.