బోధన్ దారిలో ఆగిన బండి

నిజామాబాద్ నుండి బోధన్‌కు సుమారు పాతిక కిలోమీటర్లు. అర్సపల్లి ఇళ్లు వెనుకబడిన కొద్దిసేపటికి దారికి ఇరువైపులా పొలాలు మొదలవుతాయి. ఈ నేలకు పచ్చదనం ఇచ్చింది మంజీరా నీరు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట, దాని వెంట వచ్చిన కాలువలు ఈ ప్రాంతపు రూపురేఖలనే మార్చివేశాయి. ఆ నిర్మాణానికి సారథ్యం వహించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు ఇక్కడి వృద్ధ రైతులు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. నీరు వచ్చింది, చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. దాని చుట్టూ వెలసిన ఊరికి శక్కర్ నగర్ అన్న పేరే స్థిరపడింది.

మా ఖాలా అక్కడే ఉంటారు. అక్కాచెల్లెళ్లిద్దరూ వయసు మళ్లినవారే గనుక, అమ్మీని నెలకొకసారి ఆమె వద్దకు తీసుకువెళ్లడం మాకు అలవాటు. మాలో ఒకరి ఎడమ మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. అందువలన క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ కారు కొన్నాము. కొత్తది కాదు, అప్పటికే పదేళ్లు తిరిగిన బండి. మూడేళ్లు మమ్మల్ని బాగానే మోసింది. ఆ తరువాత ఆగడం మొదలుపెట్టింది.

ఆగడం కూడా విచిత్రంగా ఉండేది. పట్టణంలో ఎంతసేపు తిరిగినా ఏమీ కాదు. బోధన్ దారిలో కొంత దూరం వేగంగా నడిచిన తరువాత, జానకంపేట దగ్గర వేగనిరోధకం చూసి బ్రేకు నొక్కితే బండి ఒక్కసారి వణికి, ఇంజన్ చచ్చిపోయేది. గేరు మీటను న్యూట్రల్‌లో పెట్టి తాళంచెవి తిప్పితే వెంటనే లేచేది. ఏమీ జరగనట్లే ముందుకు కదిలేది. మళ్లీ ఎడపల్లి దగ్గర అదే కథ. వెనుక నుండి లారీలు హారన్ కొడుతుంటే అమ్మీ కళ్లు మూసుకుని దుఆ చదువుకునేవారు.

పట్టణంలో ఒకచోట చూపించాము. స్పార్క్ ప్లగ్గులు మార్చారు. ఇంధన ఫిల్టరు మార్చారు. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు. రెండు వీధులు తిప్పి చూసి బాగైందన్నారు. మరుసటి వారం బోధన్ దారిలో బండి మళ్లీ ఆగింది. ఇంకొకచోట చూపిస్తే, గేరుబాక్సు మొత్తం మార్చాలని చెప్పి, దాదాపు బండి ధరలో సగం అంచనా వేశారు.

ఆ రాత్రి ఇంట్లో ఒక ఆలోచన పుట్టింది. బండిని అమ్మివేస్తే? కొనేందుకు మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. మా వీధి యువకుడే. ఏళ్ల తరబడి గల్ఫ్‌లో కష్టపడి, కూడబెట్టిన సొమ్ముతో ఇంటికి వచ్చాడు. తల్లిని ఆసుపత్రికి తిప్పడానికి కారు కావాలంటున్నాడు. ఉదయం పూట వచ్చి నడిపి చూస్తానన్నాడు. ఉదయం పూట, పట్టణం వీధులలో! అక్కడ ఈ బండి ఆగదని మాకు తెలుసు. ఆ తెలిసిన సంగతిని మాలో ఎవరమూ పైకి అనలేదు. అనకపోవడమే మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

అది జనవరి నెల. యువకుడు రావలసిన ఆదివారానికి ముందు, అమ్మీ కోరిక మేరకు మరొకసారి శక్కర్ నగర్ బయలుదేరాము. మా చిన్ననాట ఈ నెలలో ఈ దారి నిండా చెరకు బండ్లే ఉండేవి. బండి వెనుక పరుగెత్తి గడ లాగడం, బండివాడు అదిలిస్తే పారిపోవడం ఆనాటి పిల్లలందరికీ తెలిసిన ఆటే. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరు పొందిన ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు యాజమాన్యంతో ఉమ్మడి సంస్థగా మారింది; 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు దారి పక్కన వరి నాట్లు కనిపిస్తాయి, పసుపు తోటలు కనిపిస్తాయి. చెరకు మాత్రం అక్కడక్కడా, ఎవరో మరిచిపోయి వదిలినట్లు కనిపిస్తుంది.

ఆ రోజు కూడా బండి రెండుసార్లు ఆగింది. ఖాలా ఇంట్లో టీ తాగుతూ ఆ సంగతి చెప్పగానే ఆమె, "మన చాచాకు చూపించండి" అన్నారు. ఆయన యవ్వనంలో కర్మాగారం వాహనాల షెడ్డులో పనిచేసినవారు. ఇప్పుడు ఇంటి ముందే రేకుల కొట్టం వేసుకుని బండ్లు బాగుచేస్తారు. జుహర్ నమాజు ముగించుకుని వచ్చి, మా సలాముకు బదులిచ్చి, బానెట్ తెరవకుండానే ఒక స్టూలు మీద కూర్చున్నారు.

"బండి ఆగిందని అందరూ చెబుతారు బేటా. ఎప్పుడు ఆగిందో చెప్పండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? ఏసీ వేస్తేనా? నడుస్తూ ఆగిందా, ఆపబోతుంటే ఆగిందా?"

మేము చెబుతుంటే ఆయన మధ్యలో ఒక్కమాట కూడా అడ్డురాలేదు. చివరకు, "పట్టణంలో ఆగదు, వేగంగా నడిచాక ఆగుతుంది. సగం జవాబు మీరే తెచ్చారు" అన్నారు.

తరువాత ఆయన వివరించిన తీరు మాకు నేటికీ గుర్తుంది. మామూలు కారులో ఇంజన్‌కూ గేర్లకూ నడుమ క్లచ్ ఉంటుంది. ఇటువంటి ఆటోమేటిక్‌లో దాని స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పితే, దాని గాలికి రెండవది తిరుగుతుంది కదా. ఇక్కడ గాలికి బదులు నూనె ఆ పని చేస్తుంది. బండి నిలిచినప్పుడు ఒక పంకా ఆగినా ఇంజన్ వైపుది తిరుగుతూనే ఉంటుంది. కనుకనే ఇంజన్ ఆగదు. అయితే వేగం అందుకున్నాక నూనె జారుడులో శక్తి వృథా కాకుండా, లోపల ఉన్న ఒక చిన్న క్లచ్ ఆ రెండింటినీ కలిపి బిగించివేస్తుంది. దానినే లాకప్ అంటారు. బ్రేకు తాకగానే అది విడిపోవాలి. విడిపోకపోతే, మామూలు కారులో క్లచ్ తొక్కకుండా బండిని ఆపినట్లే అవుతుంది. వణికి ఆగిపోతుంది.

"కానీ ఇది అనుమానం మాత్రమే. అనుమానం మీద విడిభాగాలు కొనకూడదు" అన్నారాయన.

మొదట గేరు నూనె చూశారు. బండిని చదునైన నేల మీద నిలిపి, వేడెక్కిన ఇంజన్‌ను నడవనిచ్చి, కొలకడ్డీని తీసి, తెల్ల కాగితం మీద తుడిచారు. మట్టం కొద్దిగా తగ్గింది. ఎరుపు రంగు గోధుమరంగుకు తిరిగింది. ఆయన వాసన చూశారు. మాడిన వాసన, నల్లని నలుసులు ఉంటే లోపలి క్లచ్ పలకలు అరిగినట్లు. అప్పుడు గేరుబాక్సు విప్పాలన్న మాట నిజమే కావచ్చు. పాలు కలిపిన గులాబీ రంగులో ఉంటే రేడియేటరులోని నీరు చేరినట్లు. మా బండిలో ఆ రెండూ లేవు.

తరువాత దారి పరీక్ష. ముందుగా బండి బాగా వేడెక్కేవరకు యాభై లోపు వేగంతోనే నడిపించి పదిసార్లు ఆపించారు. ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే లోపం కేవలం వేడిది కాదు. పిమ్మట ఖాళీ దారి చూసి డెబ్బైకి పోనిచ్చారు. ఇంజన్ చుట్లు చూపే సూది, గేరు మారకుండానే, కొద్దిగా కిందికి దిగింది. "అదిగో, లాకప్ పడింది" అన్నారు. కుడికాలు యాక్సిలరేటరు మీదే ఉంచి, బ్రేకును ఎడమకాలితో సుతారంగా తాకారు. లాకప్ విడిపోతే సూది పైకి లేవాలి. లేవలేదు. వేగం తగ్గించి ఆపబోతే బండి వణికి ఆగిపోయింది.

మూడవ పరీక్ష మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. గేరుబాక్సు మీది విద్యుత్ తీగల కనెక్టరును ఊడదీశారు. అప్పుడు బండి రక్షణ పద్ధతిలోకి వెళ్లి, ఒకే గేరులో బరువుగా నడిచింది; లాకప్ పడదు. అలాగే వేగం అందుకుని ఆపారు. ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉంది. కనెక్టరు మళ్లీ పెట్టి, చిన్న స్కానర్ తగిలిస్తే పి 0742 అన్న సంకేతం కనిపించింది. లాకప్ విడవడం లేదని కంప్యూటర్ కూడా అంటోందన్నమాట. లాకప్‌ను నియంత్రించే సోలినాయిడ్ వాల్వు తెరుచుకున్నచోటే ఇరుక్కుపోతోందని ఆయన నిర్ణయానికి వచ్చారు.

"ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ తప్పు కాకపోవచ్చునని ముందే తెలిసేదా చాచా?" అని అడిగాము.

"అది తప్పయితే ఉదయం చల్లగా ఉన్నప్పుడో, ఏసీ వేసినప్పుడో, పట్టణంలో సిగ్నల్ దగ్గరో ఆగేది. మీ బండి అక్కడ ఎన్నడూ ఆగలేదు కదా. వాళ్లు చేతిపని మొదలుపెట్టారు, చెవిపని చేయలేదు."

బండిని అక్కడే విడిచి, ఆర్టీసీ బస్సులో తిరిగి వచ్చాము. చాచా మరికొన్ని జాగ్రత్తలు కూడా చెప్పి పంపారు. నడుస్తూ ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు ఒకటి రెండు నొక్కుల బలమే మిగులుతుంది గనుక పదేపదే నొక్కకుండా ఒకే పట్టున నొక్కి పక్కకు తీయాలి. కదులుతున్న బండిలో మీటను న్యూట్రల్‌లోకే గాని పార్కులోకి నెట్టకూడదు. ఆటోమేటిక్ బండి తోస్తే లేవదు. ముందు చక్రాలతో నడిచే బండిని లాగించవలసి వస్తే ఆ చక్రాలను నేల నుండి ఎత్తించాలి. లేకపోతే నూనె అందక గేరుబాక్సు నిజంగానే పాడవుతుంది.

బయలుదేరేముందు ఆయనకు అమ్మకం సంగతి చెప్పాము. ఆయన వెంటనే ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఇరవై కిలోమీటర్లు నడిపితే తప్ప ఈ రోగం కొనేవాడికి కనిపించదు" అని మాత్రం అన్నారు.

బస్సు కిటికీలోంచి మూతపడిన కర్మాగారం వైపు చూస్తూ మేము ఆ మాటనే తలపోశాము. దైవప్రవక్త (స) ఒకనాడు అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని కనుగొని, తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి ప్రశ్నించిన సంఘటన మనమందరం పిల్లలకు చెప్పేదే. మా ధాన్యపు రాశి మా వాకిట్లోనే ఉంది. పైన పొడిగా, ఉదయపు చల్లదనంలో చక్కగా నడుస్తూ ఉంది. ఆదివారం ఆ రాశిలో చేయి పెట్టేవాడు లేడు, పెట్టవలసింది మేమే.

వారం తరువాత కబురు వచ్చింది. సోలినాయిడ్ నిజామాబాద్ నుండి తెప్పించారు. నూనె తొట్టి విప్పినప్పుడు అడుగున ఉన్న అయస్కాంతానికి సన్నని బూడిదరంగు పొడి తప్ప లోహపు ముక్కలేవీ అంటలేదు. గేరుబాక్సు బతికే ఉంది. కొత్త వాల్వు, కొత్త ఫిల్టరు, తయారీదారు సూచించిన రకం నూనె. అన్నీ కలిపినా మాకు చెప్పిన అంచనాలో చిన్న భాగమే అయింది. పాత వాల్వును చాచా కాగితంలో చుట్టి మా చేతికిచ్చారు.

యువకుడిని ఆదివారం రావద్దని, మరుసటి ఆదివారం రమ్మని ముందే చెప్పి ఉన్నాము. వచ్చాడు. తాళంచెవి ఇచ్చేముందు కాగితం విప్పి పాత వాల్వు చూపించి, మొదటి నుండి చివరివరకు చెప్పాము. అమ్మివేద్దామనుకున్న ఆ రాత్రి సంగతి కూడా దాచలేదు. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "బోధన్ దాకా వెళ్లి వద్దాం అన్నా, నేనే నడుపుతాను" అన్నాడు.

వెళ్లాము. జానకంపేట దగ్గర బ్రేకు నొక్కాడు. మేము ఊపిరి బిగపట్టాము. సూది పైకి లేచింది. ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఎడపల్లి దగ్గర కూడా అంతే. తిరుగు ప్రయాణంలో దారికి కాస్త లోపలగా ఉన్న అలీసాగర్ జలాశయం దగ్గర ఆగి, అసర్ నమాజు చేసుకున్నాము. గట్టు మీద కూర్చుని అతడు తన మాట చెప్పాడు. పాత బండి గనుక ధర కొంత తగ్గించమన్నాడు. న్యాయమే అనిపించి తగ్గించాము.

ఇప్పుడు మేము నెలకొకసారి బోధన్‌కు బస్సులోనే వెళ్తున్నాము. అమ్మీకి కిటికీ పక్క సీటు దొరికితే చాలు. వీధిలో ఆ బండి మాకు తరచూ ఎదురవుతుంది. ముందు సీటులో ఆ యువకుడి తల్లి కూర్చుని ఉంటారు. ఆమె చేయి ఎత్తి సలాం చేస్తారు. మేము తలవంచకుండా జవాబిస్తాము.