గోడ మీది ఫార్మసిస్టు

నేను చదివిన తెలుగు కథల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఆర్‌ఎంపీలున్నారు, పాత కథల్లో సీసాకి కాగితపు గుర్తులు అంటించే కాంపౌండర్లూ ఉన్నారు. ఫార్మసిస్టు మాత్రం ఒక్కరూ గుర్తు రావట్లేదు. బయట కూడా అంతే. "మందుల షాపాయన" అంటాం. ఆయన చదివిందేమిటో, అసలు చదివాడో లేదో అడగం.

మా నాయన గుండెలో లోహపు వాల్వు ఉంది. చిత్తూరోళ్ళకి పెద్ద జబ్బంటే రాయవేలూరే కదా, అక్కడే వేయించాం. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. పోయిన ఎండాకాలం బేదులైతే ఇంటి దగ్గరి షాపుకి వెళ్ళాడు. కౌంటర్లో ఉన్న పిల్లోడు మెట్రోనిడజోల్ ఇచ్చి, "అయిదు రోజులు ఏసుకో పెద్దాయనా, కట్టుకుంటాది" అన్నాడు. కట్టుకుంది. నాలుగో రోజు చిగుళ్ళ నుంచి రక్తం.

తిరుపతి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే, మూడు దగ్గర ఉండాల్సిన ఐఎన్ఆర్ ఏడు దాటింది. అక్కడి ఆసుపత్రి ఫార్మసీలో తెల్లకోటు వేసుకున్న ఆమె చీటీ చూసి, "బయట ఇంకేమన్నా మాత్రలు వాడినారా?" అని అడిగింది. నాయన జేబులోంచి ఆ స్ట్రిప్ తీశాడు. "ఎసిట్రోమ్‌తో ఇది కలిస్తే రక్తం మరీ పలచనవుతుంది. ముందు డాక్టరు గారికి చూపించి రండి" అంది. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగడానికి పట్టింది పది సెకన్లు.

అలా అడగాలని చట్టమే చెబుతోంది. 1930లో వేసిన చోప్రా కమిటీ, మన దేశంలో మందులకీ వాటిని అమ్మేవాళ్ళకీ అదుపు లేదని తేల్చింది. దాంతో 1940లో డ్రగ్స్ యాక్ట్, 1948లో ఫార్మసీ యాక్ట్ వచ్చాయి. చీటీ మీద ఇచ్చే మందుని రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలి, లేదా ఆయన కళ్ళముందు ఇవ్వాలి. 2015 నిబంధనల ప్రకారం తెల్లకోటుకి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జి ఉండాలి. మందు ఎలా వాడాలో రోగికి వివరించాలి. మెట్రోనిడజోల్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కూడా అమల్లోకొచ్చింది. మొదట అందులో 46 మందులు. వాటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. సెఫిక్సిమ్ ఆ జాబితాలో ఉంది. చాలామంది జలుబుకి కూడా కొనుక్కుని మింగే అజిత్రోమైసిన్ ఆ 46లో లేదు.

రూల్స్‌కి కొదవ లేదు. మనిషే లేడు.

మా పిన్ని కొడుకు బీ ఫార్మసీ. చెన్నైలో మెడికల్ కోడింగ్ చేస్తాడు. వాడి సర్టిఫికెట్ మాత్రం చిత్తూరు దగ్గర ఒక షాపు గోడకి ఫ్రేములో ఉంది, నెల అద్దెకి. ఇన్‌స్పెక్టర్ వస్తే "ఇప్పుడే భోజనానికి పోయినాడు సార్" అంటారట. ఎందుకురా అంటే వాడు నవ్వాడు. "షాపులో పన్నెండు గంటలు నిలబడితే వచ్చేది ఇంటద్దెకి చాలదు. నిలబడకుండా గోడ మీద వేలాడితే వచ్చేది పెట్రోలుకి సరిపోతాది అన్నా."

మా ఆఫీసులో కోడ్ చదవకుండా అప్రూవ్ కొట్టేవాళ్ళుంటారు. సిస్టం దృష్టిలో రివ్యూ అయిపోయినట్టే. మందుల షాపు తనిఖీ కూడా అదే పద్ధతిలో నడుస్తోంది. లైసెన్సు, బిల్లులు, ఫ్రిజ్, కనీసం పది చదరపు మీటర్ల చోటు, అన్నిటికీ టిక్కు పడుతుంది. ఆ షాపులో ఈరోజు రోగిని ఎవరైనా ఒక ప్రశ్న అడిగారా అన్నదానికి గడి లేదు.

రేపే ఈ చట్టాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే పల్లెల్లో చాలా షాపులు మూతపడతాయి. రాత్రి పదకొండింటికి జ్వరమొస్తే అక్కడ దిక్కు ఆ షాపే. అందుకే షాపులు మూయమనడం నాకు తేలిగ్గా నోటికి రాదు. కానీ ఫార్మసిస్టుకి నిలబడి పనిచేస్తే బతికేంత జీతం రానంతకాలం, వాడు గోడ మీదే ఉంటాడు. మనమూ "తొందరగా ఇవ్వప్పా" అనడం మాని, ఇచ్చే మనిషెవరో కనుక్కోవాలి.

నాయన ఇప్పుడు చొక్కా జేబులో ఒక కార్డు పెట్టుకుని తిరుగుతున్నాడు, తాను వాడే మందుల పేర్లతో. పనికొచ్చే కార్డే. కౌంటర్ అవతల చదివి అర్థం చేసుకునే మనిషంటూ ఉంటే.